సీత కథ ఎక్కడ అయిపోయింది?

రావణుడు చచ్చాడు. పుష్పకం అయోధ్యలో దిగింది. పట్టాభిషేకమూ అయింది. ఇక శుభం అనుకుని లేచిపోవాలా? లేక నిండు గర్భిణిని లక్ష్మణుడు అడవిలో దింపి వచ్చేదాకా కూర్చోవాలా? కవల పిల్లలిద్దరూ తండ్రి సభలో తల్లి కథ పాడి, ఆ తల్లి భూమిలోకి వెళ్లిపోయేదాకా వినాలా? కథ ఒకటే! ఎక్కడ ఆపుతామన్నదాన్ని బట్టి అది పెళ్లి పాటా అవుతుంది, కన్నీటి పాటా అవుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఎన్నో తరాలుగా ఈ ముచ్చట తేల్చుకోకుండానే పాడుకుంటూ వచ్చారు. 1987, 88 సంవత్సరాల్లో మాత్రం ఇదే ప్రశ్న దేశం మొత్తానికీ ఎదురైంది. అదీ టీవీ పుణ్యమా అని!

రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' సంగతే చెబుతున్నాను. 1987 జనవరి 25, ఆదివారం నాడు దూరదర్శన్‌లో మొదలైంది. మొదట 52 భాగాలకే అనుమతి. జనం వదిలితేనా? పొడిగించుకుంటూ పోయి 78 భాగాలు చేశారు. 1988 జూలై 31న పట్టాభిషేకంతో ముగించారు. రాముడిగా అరుణ్ గోవిల్, సీతగా దీపికా చిఖ్లియా. వాళ్లు బయట ఎక్కడ కనబడినా జనం కాళ్లకు మొక్కేవారంటే ఆశ్చర్యం లేదు. ఇళ్లలో ఏకంగా టీవీకే దండలు వేసిన రోజులవి.

పొయ్యి మీద పప్పు, టీవీలో దశరథుడు

నేను అప్పటికి జడ్చర్లకు కొత్త కోడలిని. బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయ సంచులు, స్టేషన్ దగ్గర రైలు కూతలు, కర్నూలు రోడ్డు మీద లారీలు... వీటి మధ్య మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మాది ఒకటి. బ్లాక్ అండ్ వైట్. డాబా మీద యాంటెన్నా. పిల్లవాడు పైకెక్కి దాన్ని తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది... వచ్చింది... అరె, పాయె!" అని కేకలు. మా అత్తమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, టీవీకి కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి కూర్చునేది. చెప్పులు వాకిట్లోనే విడిచి రావాలి. బీడీలు బయటే పడేసి రావాలి.

ఆదివారం తొమ్మిదిన్నర అంటే ఏ టైము? ఇంటిల్లిపాది తీరిగ్గా ఇంట్లో ఉండే టైము. అంటే మనకు మాత్రం తీరిక లేని టైము! ముందు వరుసలో పెద్దవాళ్లు, పిల్లలు, చుట్టాలు. మేము తలుపు పక్కన, ఒక కన్ను సీత మీద, ఇంకో కన్ను పొయ్యి మీద. దశరథుడు ప్రాణం విడవడం నేను చూడలేదు. ఆ వారం పప్పు మాడకుండా చూశాను.

ఒక్క నేనే కాదు. ఆ 78 భాగాలనూ మొదటి నుంచి చివరిదాకా వరసగా చూసిన ఇల్లాలు మా వీధిలో ఒక్కరూ లేరు. ఒకరికి నీళ్లు వచ్చే వేళ, ఇంకొకరికి పసిపిల్ల, అందరికీ కలిపి కరెంటు కోత. మరి కథ ఎలా తెలిసేది? సోమవారం నల్లా కాడ!

"ఏందక్కా, కైక వరాలు అడిగిందా?"

"అడిగింది చెల్లె. ముసలాయన కూలవడ్డడు."

"మరి రాముడు ఏమన్నడు?"

"గప్పుడే కరెంటు పాయె. అవతలి గల్లీల ఉన్నది గద, ఆ వదినెనడుగు."

సగం చూసినామె, మిగతా సగం చూసినామె, ఏమీ చూడకుండానే అంతా చెప్పగలిగే మా పెద్దమ్మ... ముగ్గురూ కలిస్తే ఒక భాగం పూర్తయ్యేది. నిజానికి మా పెద్దమ్మ చెప్పిందే బాగుండేది. మధ్యలో ప్రకటనలు ఉండేవి కావు!

భాష సంగతి చెప్పాలి. అది హిందీ. పాలమూరు వాళ్లం ఉర్దూకు కొత్తేమీ కాదు. కానీ ఆ హిందీ మనం బజార్లో మాట్లాడేది కాదు. 'ఆర్యపుత్ర', 'భ్రాతాశ్రీ', 'వనవాస్', 'ప్రతిజ్ఞ'... మా పక్కింటి ఖాలాకు ఉర్దూ గడగడా వచ్చుగానీ ఈ మాటలు వస్తే నా మొహం చూసేది. అవన్నీ మనకు తెలుగులో వాడుకే కాబట్టి నేను చెప్పేదాన్ని. నడుమ ఉండే క్రియలూ కిరియలూ నాకు ఆమె చెప్పేది. అలా ఇద్దరం కలిసి ఒక రామాయణం అర్థం చేసుకున్నాం.

ఇంతకూ, ముక్కలు ముక్కలుగా చూసినా కథ తికమక కాలేదు. ఎందుకంటే వరస మనకు ముందే తెలుసు. టీవీవాళ్లు కొత్తగా చెప్పాల్సింది ఏముంది, అనుకున్నాం. అగ్నిపరీక్ష వచ్చేదాకా!

ఇన్నాళ్లూ ఏడ్చింది నీడ కోసమా?

వాల్మీకి రామాయణంలో ఈ ఘట్టం చాలా కఠినం. రాముడు అందరి ముందూ సీతను అనరాని మాటలంటాడు. ఆమె కూడా ఊరుకోదు. ఒక సామాన్యుడు సామాన్యురాలితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావేమిటని నిలదీస్తుంది. లక్ష్మణుడితో చితి పేర్పించుకుని అందులోకి నడుస్తుంది.

సాగర్ సీరియల్లో ఏం చేశారో గుర్తుందా? లక్ష్మణుడు ఇదేం అన్యాయమని మండిపడతాడు. అప్పుడు రాముడు ఒక రహస్యం బయటపెడతాడు. అపహరణకు ముందే అసలు సీతను తాను అగ్నిదేవుడికి అప్పగించానని, రావణుడు ఎత్తుకుపోయింది మాయాసీతను మాత్రమేనని! అప్పుడు కథ వెనక్కి వెళ్లి, పంచవటిలో జరిగిన ఆ అప్పగింత మనకు చూపిస్తారు.

ఇది సాగర్ కల్పించిన కథ కాదు. అధ్యాత్మ రామాయణంలో ఉంది. తులసీదాసు రామచరిత మానస్‌లోనూ ఉంది. అయితే తులసీదాసు దాన్ని జరిగిన చోటే, అరణ్యకాండలోనే, రావణుడు రాకముందే చెప్పేస్తాడు. వినేవాళ్లకు మొదటి నుంచీ తెలుసు. సాగర్ మాత్రం ఆ ఒక్క ముక్కను తీసి దాచి, చివర్లో పెట్టారు. చూడండి, ఒక సన్నివేశాన్ని ముందు నుంచి వెనక్కి జరిపితే ఎంత తేడా వచ్చిందో!

ఆ రోజు మా ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. మా అత్తమ్మ రెండు చేతులూ జోడించి, "తల్లికి ఏం గాలే. అగ్గిల వడ్డది నీడేనట" అని సంబరపడింది. మా ఆడబిడ్డ ఊరుకుంటేనా! "మరి అశోకవనంల గన్ని వారాలు ఏడ్చింది ఎవరు వదినె? మనం ఏడ్చింది ఎవరి కోసం?"

నేను ఆడబిడ్డ పక్షమే. ఎన్నో ఆదివారాలు ఆ చెట్టు కింద కూర్చున్న సీతను చూసి కొంగుతో కళ్లు తుడుచుకున్నాం. హనుమంతుడి చేతికి చూడామణి ఇచ్చిన చెయ్యి, రావణుడికి గడ్డిపోచ అడ్డం పెట్టి మాట్లాడిన నోరు నీడవేనా? ఆ ధైర్యం ఎవరి ఖాతాలో వెయ్యాలి? అయితే ఇంకో మాటా ఉంది. మాయాసీత కథలో ఆ మంట పరీక్ష కాదు, తలుపు. నీడ లోపలికి పోతుంది, అసలు మనిషి బయటికి వస్తుంది. రాముడు భార్యను అనుమానించలేదన్నమాట. మా అత్తమ్మకు కావలసింది అదే. ఆమె నమ్ముకున్న దేవుడు అంత మాట అనడం ఆమెకు మింగుడుపడేది కాదు. సాగర్‌కు తెలుసు, దేశం నిండా మా అత్తమ్మలే ఉన్నారని.

మరి ముందే చెప్పి ఉంటే? అశోకవనం చప్పబడిపోయేది. దాచి పెట్టడం వల్ల మనం లక్ష్మణుడి స్థానంలో నిలబడ్డాం. ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. ఆయన కోపం మన కోపమైంది. ఆ కోపాన్ని ఒక్క మాటతో చల్లార్చేశారు. కథ చెప్పడంలో నేర్పంటే అదే. నాకు నచ్చకపోయినా ఒప్పుకోవాలి.

చీపుర్లు కింద పెట్టినవాళ్లు

పట్టాభిషేకంతో సీరియల్ ఆపేస్తారని తెలిసినప్పుడు ఎవరు కదిలారో తెలుసా? పండితులు కాదు. పంజాబ్‌లోని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు. వాల్మీకి మహర్షిని తమ కులగురువుగా కొలిచే సముదాయం వాళ్లది. సీతకు ఆశ్రయమిచ్చి, పురుడు పోయించి, ఆ పిల్లలకు చదువు చెప్పిన ముని కనబడకుండానే కథ ముగిస్తారా అని సమ్మెకు దిగారు. సమ్మె ఉత్తరాదిలో ఇంకా చాలా పట్టణాలకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. చివరికి ప్రభుత్వం దిగొచ్చి ఉత్తరకాండ కూడా తీయించింది. 'లవ్ కుశ్' పేరుతో 1988-89లో ప్రసారమైంది.

నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం ఇది. ఒక టీవీ సీరియల్‌లో కథ ఎక్కడ ఆగాలన్నది వీధులూడ్చేవాళ్లు నిర్ణయించారు! సీత కోసం కాదు, వాల్మీకి కోసమే అనుకోండి. కానీ వాళ్లు అడగబట్టే సీత అడవి చేరిన కథ తెర మీదికి వచ్చింది.

మన తెలుగువాళ్లకు ఇదంతా వింతగా తోచింది. ఉత్తరకాండ లేకుండా రామాయణమేమిటి? 1963లో వచ్చిన 'లవకుశ' చూడని ఇల్లు ఉందా! సి.పుల్లయ్య మొదలుపెట్టి సి.ఎస్.రావు పూర్తి చేసిన ఆ సినిమాలో అంజలీదేవి సీత. ఎన్టీఆర్ రాముడు. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా అది. మా పెద్దమ్మ సీత అంటే ఇక అంజలీదేవే. ఆమె లెక్కలో దీపిక "సీతమ్మ చెల్లెలు".

ఎవరు పంపారు సీతను?

అసలు చిక్కు ఇక్కడుంది. వాల్మీకిలో నిర్ణయం రాముడిది. తమ్ముళ్లను పిలిచి చెబుతాడు గానీ భార్యతో ఒక్క మాట చెప్పడు. మునుల ఆశ్రమాలు చూడాలని ఆమె అడిగి ఉంటుంది కదా, ఆ వంక మీద లక్ష్మణుడు రథం ఎక్కిస్తాడు. గంగ దాటిన తర్వాత గానీ నిజం చెప్పడు. మన 'లవకుశ'లోనూ ఆమెకు తెలియకుండానే అడవికి చేరుస్తారు. సినిమా హాల్లో ఆడవాళ్లు ముక్కులు చీదింది అందుకే.

సాగర్ సీరియల్లో అలా కాదు. లోకం ఏమంటోందో సీతకే తెలుస్తుంది. తనను వదిలెయ్యమని, రాజధర్మం నిలబెట్టమని ఆమే రాముణ్ణి ఒప్పిస్తుంది. పైకి చూస్తే సీతకు గౌరవం పెరిగినట్టే. మోసపోయి వెళ్లలేదు, తెలిసి వెళ్లింది. కానీ కాస్త ఆగి ఆలోచించండి. తప్పు ఎవరిది అంటే ఇప్పుడు ఎవరిదీ కాదు! రాముడి బరువంతా సీత తలకెత్తారు. ఇంట్లో ఏ గొడవ జరిగినా, "ఆమెనే సర్దుకుపోతనన్నది" అని చెప్పి ముగించే పద్ధతి మనకు తెలియంది కాదు కదూ!

పాటల్లో వరసే వేరు

టీవీవాళ్లకూ సినిమావాళ్లకూ ముందే, మన నానమ్మలూ అమ్మమ్మలూ ఈ కథకు సొంత వరస పెట్టుకున్నారు. 'స్త్రీల రామాయణపు పాటలు' పేరుతో కృష్ణశ్రీ సేకరించినవి హైదరాబాద్‌లోని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లోనే అచ్చు వేసింది. వాటి గురించి ఆచార్య వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం 1991లో వచ్చింది. అది చదివాకే దేశవిదేశాల పండితుల దృష్టి వీటి మీద పడింది.

ఆ పాటల్లో యుద్ధాలు తక్కువ. పెళ్లిళ్లు, వేవిళ్లు, పురుళ్లు, అత్తాకోడళ్ల ముచ్చట్లు ఎక్కువ. కథ మొత్తం గుమ్మం లోపలి నుంచి కనిపిస్తుంది. 'ఊర్మిళాదేవి నిద్ర' తీసుకోండి. లక్ష్మణుడు అన్నావదినల వెంట అడవికి పోయినప్పటి నుంచీ ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రలోనే ఉండిపోతుంది. పట్టాభిషేకం అయ్యాక ఆయన ఆమె గదిలోకి వస్తాడు. సగం మెలకువలో ఆమె గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని హడలిపోయి, పరస్త్రీని కోరినందుకు ఇంద్రుడికేమైంది, రావణుడికేమైంది అని గట్టిగా చీవాట్లు పెడుతుంది. గమనించారా? సీరియల్ ఎక్కడ 'శుభం' అన్నదో సరిగ్గా అక్కడ ఊర్మిళ కథ మొదలవుతుంది! సాగర్ సీరియల్లో ఊర్మిళకు దక్కినవి కొద్ది సన్నివేశాలే.

సీతను అడవికి పంపడానికి కారణం కూడా ఈ పాటల్లో వేరు. చాకలివాడి మాట కాదు. శూర్పణఖ సన్యాసినిలా వేషం వేసుకుని వస్తుంది. రావణుడి బొమ్మ వేసిమ్మని సీతను అడుగుతుంది. ఆయన ముఖం నేనెన్నడూ ఎత్తి చూడలేదు, కాలి బొటనవేలు మాత్రమే చూశాను అంటుంది సీత. ఆ వేలే గీస్తుంది. మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఆ పటం ఇంట్లో ఎక్కడ దాచినా దాగదు. చివరికి రాముడి కంట పడుతుంది. ఇంకేముంది!

ఊరంతా ఏమనుకుందో కాదు, ఇంట్లో పడకగది దగ్గర పుట్టిన అనుమానం. ఈ కారణం ఆడవాళ్లే కల్పించుకున్నారంటే నమ్మబుద్ధి అవుతుంది. ఎందుకంటే వాళ్లకు తెలిసిన అనుమానాలు ఇలాగే మొదలవుతాయి. శూర్పణఖ మనసు కూడా వాళ్లు మరిచిపోలేదు. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న ఆడది ఊరికే ఎలా ఉంటుంది? యుద్ధం ముగిసినా ఆమె లెక్క ముగియలేదు. చాలా కాలం తర్వాత ఓల్గా తన 'విముక్త' కథల్లో సీతను, శూర్పణఖను, ఊర్మిళను కలిపి మాట్లాడించారు. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మొదలే చివర, చివరే మొదలు

ఉత్తరకాండ వాల్మీకి రాసిందేనా, తర్వాత కలిపిందా? ఈ వాదం పాతది. యుద్ధకాండ చివర ఫలశ్రుతి ఉంది. అంటే గ్రంథం అక్కడ ముగిసిందనేగా, అంటారు కొందరు. బాలకాండ మొదటి సర్గలో నారదుడు కథంతా క్లుప్తంగా చెబుతాడు. మన ఇళ్లలో సంక్షేప రామాయణం అని పారాయణ చేసేది దాన్నే. అందులో సీతను వదిలేసిన ఊసే లేదు. కానీ మూడో సర్గలో మళ్లీ కథాక్రమం వస్తుంది. అక్కడ ఉంది! ఒకే కాండలో రెండు లెక్కలు. ఆ నాలుగో సర్గలోనే కుశలవులు రాముడి ముందు రామాయణం పాడటం మొదలుపెడతారు. అంటే మనం మొదటి నుంచీ వింటున్న కథ ఆ పిల్లలు పాడుతున్నదే. వాళ్లు అడవిలో పుట్టాలంటే వాళ్లమ్మ అడవికి పోయి ఉండాలి కదా! వరస ప్రకారం చివర రావలసింది మొదట్లోనే కూర్చుని ఉంది.

కథల వరస గురించి ఇంత తల బద్దలు కొట్టుకునేది మనమే అనుకోకండి. ఇంగ్లండులో 1967-68లో 'ది ప్రిజనర్' అని 17 భాగాల సీరియల్ వచ్చింది. తీసిన వరస వేరు, ప్రసారం చేసిన వరస వేరు. ఏది ముందు చూడాలో అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కాకపోతే వాళ్లు వాదించేది 17 భాగాల మీద, మనది వేల ఏళ్ల కథ మీద.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ ఈ సీరియల్‌ను మళ్లీ వేసింది. మార్చి 28న మొదలైంది. వారానికొకసారి కాదు, పొద్దున తొమ్మిదింటికి, రాత్రి తొమ్మిదింటికి, రోజుకు రెండు పూటలా. ఏప్రిల్ 16న ఒక్క రోజే 7 కోట్ల 70 లక్షల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఏడాదిన్నర పట్టిన కథ మూడు వారాల్లో అయిపోయింది. ఏప్రిల్ 18న పట్టాభిషేకం, మర్నాడే ఉత్తరకాండ మొదలు. 1988లో ఈ రెంటి మధ్య కొన్ని నెలలు గడిచాయి. అప్పుడు నల్లా కాడ సీతను మేమే అడవికి పంపి, మేమే పురుడు పోసి, మేమే తిట్టుకున్నాం. ఈసారి ఆ తీరిక లేదు. ఒక్క రాత్రి నిద్రపోయి లేచేసరికి అన్నీ మొదలైపోయాయి.

మా కోడలు ఫోన్‌లో తనకు నచ్చిన ముక్కలే చూసుకుంది. ముందు లవకుశుల పాట, తర్వాత స్వయంవరం, ఆ తర్వాత లంకాదహనం. "వరసగా చూడవా బిడ్డా?" అంటే, "కథ తెలుసు కదత్తమ్మా" అంది.

నేను మాత్రం వరసగానే చూశాను. ఈసారి కరెంటు పోలేదు. మాయాసీత సంగతి ముందే తెలుసు కాబట్టి, అశోకవనం వచ్చినప్పుడు ఇది నీడ, నీడ అనుకుంటూ చూద్దామని కూర్చున్నాను. రెండు భాగాలు అలా నెట్టుకొచ్చాను. హనుమంతుడు ఉంగరం చూపించేసరికి కొంగు ఎప్పుడు కళ్ల దగ్గరికి వెళ్లిందో నాకే తెలియలేదు.